మాస్సీ బానెట్ మీద 80 నంబర్ గీతలు

ఈరోజంతా మావయ్యా నేనూ మాస్సీ ట్రాక్టర్ బానెట్ మీదే ఉన్నాం. పాత 1035 అది, ఇంజిన్ పని ఎప్పుడో అయిపోయింది, మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజిన్ ఇంత చలిలో కూడా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది, ఇక మిగిలింది రంగే. బానెట్టూ మడ్‌గార్డులూ టింకరింగ్ షెడ్డులో ఇచ్చి సొట్టలు తీయించి రంగేయించుకుని తెచ్చాం, తెచ్చిన రోజు ధగధగలాడిపోయింది, వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. తర్వాత్తర్వాత ఎడమ పక్క గీతలు తేలడం మొదలైంది. నెల కావస్తోంది, ఇప్పుడు పొద్దున్నే ఎండ ఏటవాలుగా మా షెడ్డులోకి పడినప్పుడు చూస్తే బారుగా, ఒకే వాలులో, చెయ్యి ఎటు ఊపారో తెలిసిపోయేట్టు గీతలు.

మావయ్య అయితే "పోనీలేరా, దుమ్ము పడ్డాక ఎవడికి కనబడుద్ది" అన్నాడు. నాకు మనసొప్పలేదు. మన దగ్గర మాస్సీ ట్రాక్టర్లు చేసే టాఫే కంపెనీ వాళ్ళు మద్రాసులో 1960లో మొదలెట్టారు, అప్పట్నుంచి మాస్సీ ఎరుపంటే ట్రాక్టర్ తెలిసినవాడెవడైనా దూరం నుంచే గుర్తుపడతాడు, కింద బూడిద రంగు ఇంజిన్ పైన ఎర్ర బానెట్, ఆ జోడీయే దాని మొహం. దుక్కిలోకి దింపే బండి కూడా కాదు ఇప్పుడది, చూసుకోడానికే పెట్టుకున్నాం, అలాంటప్పుడు మొహం మీద గీతలుంటే ఎలా ఊరుకుంటాం.

ముందు అసలు గీత ఏ పొరలో ఉందో తేల్చుకోవాలి, నా దృష్టిలో సగం పని అదే. రంగు మీద పడ్డ గీత అయితే తెల్లగా, అంచు పదునుగా, మెరుపు చచ్చిపోయి కనిపిస్తుంది. కింద సొట్ట నింపే పుట్టీలోనో, రంగుకి ముందు కొట్టే ప్రైమర్‌లోనో ఉన్న గీత అలా ఉండదు, దాని మీద కూడా మెరుపు ఉంటుంది, అంచులు మెత్తగా ఉంటాయి, గోరు ఆడిస్తే కొంచెం ఎగుడుదిగుడు తగిలీ తగలనట్టు ఉంటుంది. ఇంకో గుర్తేంటంటే సొట్ట తీసి పుట్టీ పెట్టిన మేరకే ఉంటాయవి, పక్కన ఒరిజినల్ రేకు మీద ఉండవు. మా ఎడమ పక్క అచ్చం అదే. అక్కడ పుట్టీని 80 నంబర్ గరుకు పేపర్‌తో అరగదీసి (నంబర్ ఎంత తక్కువైతే అంత గరుకు), మధ్యలో 120, 180, 220 ఏవీ పట్టకుండా సర్ఫేసర్, అంటే సన్న గాట్లు నింపే మందపాటి ప్రైమర్, కొట్టేసినట్టున్నారు. సర్ఫేసర్ తడిగా ఉన్నప్పుడు ఆ గాడులన్నీ నింపేస్తుంది, పైకి నున్నగానే ఉంటుంది. తర్వాత లోపలున్న థిన్నర్ మెల్లగా ఎగిరిపోయే కొద్దీ పొర కుంగుతుంది, గాడి ఉన్నచోట పొర మందం ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ కుంగుతుంది, దాంతో కింద గీత ఎలా ఉందో పైకి అలాగే అచ్చు దిగుతుంది. దీనికితోడు పైన కొట్టిన రంగులోని థిన్నర్ కిందికి దిగి గీత అంచుల్ని ఉబ్బేలా చేస్తుంది. అందుకే తెచ్చిన రోజు లేనివి తర్వాత వచ్చాయి. షెడ్డు వాళ్ళని కూడా నేను తిట్టుకోను, పంటకి ముందు వాళ్ళ దగ్గర క్యూ ఎలా ఉంటుందో చూశాను, సర్ఫేసర్ ఆరడానికి ఒక రాత్రి వదిలేసే తీరిక వాళ్ళకి ఎక్కడిది.

ఎర్ర రంగుతో ఇంకో చిక్కుంది. ఎరుపుకి కప్పే గుణం తక్కువ, కింద ముదురు బూడిద ప్రైమర్ ఉంటే రెండు కోట్లు కొట్టినా నల్లబారినట్టే ఉంటుంది, దాన్ని దాచడానికి కోటు మీద కోటు తడితడిగా కొడుతూ పోతే థిన్నర్ అంతా లోపలే ఇరుక్కుంటుంది, మళ్ళీ అదే కుంగుడు. కింద లేత రంగు సర్ఫేసర్ ఉంటే పలచటి కోట్లతోనే ఎరుపు పలుకుతుంది. ఈసారి లేత బూడిదదే తెచ్చాను.

కుడి పక్క సులువుగా పోయింది. అక్కడ ఉన్నవి పై గీతలు, దుమ్ము గింజలు తీయబోయి ఎవరో పొడిపేపర్ రుద్దినట్టున్నారు. వాటర్ పేపర్ రాత్రే బకెట్లో నానేశాను, నానకపోతే అంచు గట్టిగా ఉండి కొత్త గీత పెడుతుంది. నీళ్ళలో రెండు చుక్కలు షాంపూ, చేత్తో కాకుండా రబ్బరు బ్లాక్ మీద పేపర్ చుట్టి, బానెట్ పొడవునే 1500, తర్వాత అడ్డంగా 2000, మళ్ళీ పొడవున 3000. అలా దిశ మారిస్తే కింద నంబర్ గీత పూర్తిగా పోయిందో లేదో కళ్ళకే తెలుస్తుంది, గుండ్రంగా రుద్దితే తెలీదు. నీళ్ళు ఎర్రగా కారుతుంటే మావయ్య కంగారుపడ్డాడు, పైన రంగులేని మెరుపు పొర (క్లియర్ కోటు) లేని పీయూ, అంటే పాలీయురెథేన్ రంగు కదా, ఎర్రనీళ్ళు రావాల్సిందే, బూడిద రంగు తొంగిచూస్తే మాత్రం అక్కడితో ఆపేయాలి. అంచుల దగ్గర, మడతల మీద రంగు పలచగా ఉంటుంది, అక్కడ టేపు అంటించి అస్సలు ముట్టుకోలేదు. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి బఫింగ్ మెషీన్ తక్కువ స్పీడులో తిప్పితే, అబ్బ, షెడ్డు రేకులు, ట్యూబ్‌లైటు, మావయ్య మొహం అన్నీ అందులో కనిపించాయి. అప్పుడు మావయ్య ఇంకేం మాట్లాడలేదు, చొక్కా చేతులు మడిచి ఎడమ పక్కకి వచ్చి నించున్నాడు.

ఎడమ పక్క కూడా ముందు ఒక అరచెయ్యంత చోట 1500తో చూశాను. తేలికపాటి కుంగుడైతే పైన సమం చేసి పాలిష్ పెడితే సరిపోతుంది, కానీ ఇక్కడ గాడి అడుగు అందేలోపు రంగు అయిపోయేట్టుంది. రంగు పొర మొత్తం కలిపినా అరవై, డెబ్బై మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే గొప్ప, 80 నంబర్ గాడిని దాంట్లోంచి తీసేయాలనుకోవడం అత్యాశ. దాని మీదే ఇంకో కోటు రంగు కొట్టేద్దామన్నాడు మావయ్య, అది ఇంకా అన్యాయం, మళ్ళీ నెలకి మళ్ళీ అవే గీతలు. కాబట్టి కిందికి దిగడమే. పుట్టీ పెట్టిన మేరా, చుట్టూ ఒక జానెడూ 220తో దించి, అంచుల్ని 320తో మెల్లగా వాలు చేసి పక్క రంగులో కలిపేశాం. పుట్టీ బయటపడిన చోట తడి పేపర్ పెట్టలేదు, పుట్టీ నీళ్ళు పీల్చేస్తుంది, తర్వాత బొబ్బలు వస్తాయి. మావయ్య చెయ్యి భలే సమానంగా ఆడింది, ఏళ్ళ తరబడి కొడవళ్ళు నూరిన చెయ్యి కదా, ఎక్కడ ఎత్తుందో వేళ్ళకే తెలిసిపోతోంది, నాకన్నా ముందే "ఇక్కడ ఇంకొంచెం" అంటున్నాడు.

పదకొండు దాటాక, మంచు తేమ పూర్తిగా విడిచాక సర్ఫేసర్ కొట్టాం. నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణిచాం, పక్కన మినపచేల మీంచి గాలి వస్తుంటే టార్పాలిన్ కట్టాం. హార్డ్‌నర్ కలిపే సర్ఫేసర్ కదా, అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదు, కనీసం ఫిల్టర్ డబ్బాలుండే కార్ట్రిడ్జ్ మాస్కయినా ఉండాలి, మావయ్యకి కూడా ఒకటి తెచ్చిపెట్టాను, వద్దంటే షెడ్డులోకి రానివ్వలేదు. మూడు పలచటి కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య మెరుపు తగ్గి మసకగా అయ్యేదాకా ఆగి. డబ్బా మీద నాలుగు గంటల్లో పేపర్ పట్టొచ్చని రాసుంది, కానీ అది వెచ్చటి వాతావరణం లెక్క, ఇప్పుడు సాయంత్రమైతే చలి దిగుతుంది. అందుకే రాత్రంతా వదిలేస్తున్నాం. కుంగేదేదో రంగు కింద కాకుండా ఇప్పుడే కుంగనీ.

రేపు దాని మీద నల్ల స్ప్రే దూరం నుంచి తుంపరగా చల్లి, 400 పెట్టి తీయాలి. ఎత్తు ఉన్నచోట నలుపు ముందు పోతుంది, గాడిలో మిగిలిపోతుంది, నల్లగీత ఒక్కటి కనిపించినా ఇంకో కోటు సర్ఫేసరే తప్ప రంగు దాకా వెళ్ళకూడదు. అన్నీ పోతే 600 తడిపేపర్, ఆ తర్వాతే ఎరుపు. ఎడమ పక్క మొత్తం పై మడత దాకా కొట్టేస్తాను, మధ్యలో అతుకు పెడితే పొద్దుటెండలో పట్టిస్తుంది.

షేడ్ కోసం బానెట్ లోపలి వైపు బ్యాటరీ దగ్గర అరచెయ్యంత కంపెనీ రంగు అలాగే ఉంది, ఎండ తగలక వెలిసిపోలేదు. రంగుల షాపులో దాన్ని చూపించే కలిపించాను. షెడ్డు వాళ్ళు లోపల కూడా కొట్టేద్దామంటే మావయ్యే వద్దన్నాడట, ఆ సంగతి సాయంత్రం చేతులు కడుక్కుంటూ చెప్పాడు. దాని చుట్టూ టేపు వేశాను, రేపు గన్ తుంపర కూడా పడకుండా.