మా అత్తయ్య వివరాలు తీసేయించడానికి ఏడు వారాలు పట్టింది

అత్తయ్య వెళ్లే సంక్షేమ కేంద్రం నడిపే సంస్థ నుంచి నిన్న సాయంత్రం ఆఖరి ఉత్తరం చేతికొచ్చింది. రెండే వాక్యాలు, కింద సెక్రటరీ సంతకం, ముద్ర. ఆ రెండు వాక్యాల కోసం ఏడు వారాలు తిరిగాను. కోపం ఇంకా తగ్గలేదు. మరిచిపోకముందే అంతా రాసి పెడుతున్నాను. బెంగళూరులో ఇలాంటి కేంద్రాలకు వెళ్లే మన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల పిల్లలకు పనికొస్తుంది.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల తెలుగువాళ్లు నడిపే సంక్షేమ కేంద్రం ఒకటి ఉంది. బీపీ, షుగర్ చూస్తారు, పొద్దున యోగా, గురువారాల్లో ఒక కౌన్సెలర్ వచ్చి పెద్దవాళ్లతో విడివిడిగా కూర్చుని మాట్లాడతారు. మామయ్యగారు పోయాక తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్యకి కన్నడం రాదు, మాట్లాడే తోడు లేదు. ఐదు నెలలుగా అక్కడికి వెళ్తున్నారు. ఒకరోజు ఆ కేంద్రం వలంటీర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఎక్సెల్ ఫైలు పెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే వలంటీరు ఒకావిడ బాధపడి నాకు చూపించింది. పేరు, ఫ్లాటు నంబరు, ఫోను, చివర ‘సమస్య’ అని ఒక కాలమ్. అత్తయ్య పేరు ఎదురుగా: ‘కోడలితో మాటల్లేవు, నిద్ర పట్టదు.’

ఆ కోడలిని నేనే. కంపెనీలు జనం వివరాలను ఎలా దాస్తున్నాయో తనిఖీ చేయడమే నా ఉద్యోగం కూడా. అందుకే ఏం అడగాలో, ఎక్కడ వెతకాలో తెలుసు. తెలిసి కూడా ఏడు వారాలు పట్టిందంటే తెలియనివాళ్ల సంగతి ఊహించుకోండి.

అందరూ మొదట పొరపాటు చేసేది ఇక్కడే: ఆ వివరాలు అత్తయ్యవి, నావి కావు. అందులో నా గురించి ఉన్నా సరే, తీసేయమని అడిగే హక్కు ఆవిడది. కాబట్టి ముందు ఆవిడకి చెప్పాలి. చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘నేను ఆ కౌన్సెలర్ అమ్మాయికి చెప్పింది ఇది కాదమ్మాయ్. టైము కోసం ఫోన్ చేస్తే ఎవరో అబ్బాయి అడిగాడు, దేనికండీ అని. చెబితేగానీ టైమివ్వరేమో అనుకుని చెప్పా’ అన్నారు. ఈ మాట బాగా గుర్తుంచుకోండి. గుట్టు బయటపడింది కౌన్సెలర్ గదిలో కాదు, ఫోనెత్తే బల్ల దగ్గర. ఆ కౌన్సెలర్ తన నోట్సు తన దగ్గరే తాళం వేసుకుని పెట్టుకుంటారట. ఆవిడ తప్పు రవ్వంత కూడా లేదు.

ఉత్తరం రాయడం తేలిక. అత్తయ్య పేరు మీద, ఆవిడ సంతకంతో, తెలుగులోనే రాశాం. ‘నా తరఫున మా కోడలు మాట్లాడుతుంది, కానీ నా ఫైలు కాపీ నాకే ఇవ్వాలి’ అని అందులోనే ఒక వాక్యం చేర్చాం. నాలుగు సంగతులు అడిగాం: నా గురించి మీ దగ్గర ఏమేం ఉన్నాయి, ఎవరెవరికి ఇచ్చారు, వాటిలో అక్కర్లేనివి తీసేయండి, ఈ పనికి బాధ్యులెవరో పేరు రాసివ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను. ఫోన్లో మాత్రం అడగకండి. ఫోన్లో అడిగితే ‘చూద్దాంలేమ్మా’ అంటారు, ఆ చూడటం ఎప్పటికీ జరగదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని పేరు చెప్పి బెదిరించమని నాకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు వచ్చింది 2025 నవంబరులో. మన వివరాలు చూసుకునే హక్కు 11వ సెక్షను, సరిచేయమని, తీసేయమని అడిగే హక్కు 12వ సెక్షను. కానీ ఈ సెక్షన్లు అమల్లోకి రావడానికి నియమాలు వచ్చిన దగ్గర్నుంచి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. పైగా కాగితం మీదే ఉండిపోయిన వివరాలకు ఆ చట్టం వర్తించదు, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తేనే వర్తిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షను గోప్యత గురించి గట్టిగానే చెబుతుంది. అయితే అది మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల గురించి, వాళ్లకు వైద్యం చేసేవాళ్ల గురించి. ముసలితనంలో ఒంటరితనం దాని కిందికి వస్తుందా అని ఎవరైనా వాదించొచ్చు. అందుకని నేను సెక్షన్లు పట్టుకోలేదు. వాళ్ల ఫారం అడుగున వాళ్లే అచ్చు వేయించుకున్న ‘మీ వివరాలు గోప్యంగా ఉంచబడును’ అన్న వాక్యాన్ని పట్టుకున్నాను. దానికి వాళ్ల దగ్గర జవాబు లేదు. మీరూ ముందు ఆ ఫారమే చదవండి.

రెండు వారాల తర్వాత కమిటీ మీటింగుకు రమ్మన్నారు.

ఆదివారం పొద్దున పదిన్నర. ఎనిమిది మంది పెద్దమనుషులు. ‘ఏ ఎంట్రీ తీసేయాలో మీరే చూపించండమ్మా’ అని ప్రొజెక్టరు పెట్టి గోడ మీద ఆ షీటు తెరిచారు. అత్తయ్య పేరొక్కటే కాదు, మొత్తం షీటు. ‘కొడుకు తాగుడు’, ‘మతిమరుపు, ఇంట్లో చెప్పలేదు’, ‘అప్పులు’, ‘భర్త పోయాక తిండి తినడం లేదు’. ఒక్కో వరుస ఒక్కో ఇల్లు. వాళ్లలో ఇద్దర్ని నేను రోజూ లిఫ్టులో చూస్తాను. నేను తల దించుకుని ‘ముందు అది ఆపేయండి’ అంటుంటే కోశాధికారి గారు వేలు పెట్టి వెతుకుతూ పైకి చదివారు: ‘కోడలితో మాటల్లేవు, నిద్ర పట్టదు. ఇదేనా అమ్మా మీది?’

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇంకో పెద్దాయన ఓదార్పుగా, ‘ఇళ్లన్నాక ఇవన్నీ మామూలేలేమ్మా. అయినా మనలో మనకి దాపరికమేంటి, అందరం తెలుగువాళ్లమే కదా’ అన్నారు. ఆయన మనసులో చెడు లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. మన తప్పొప్పులు నలుగురి ముందు గోడ మీద వేసి చదివి, దాన్ని ఆప్యాయత అనుకుంటున్నారు. పరాయి ఊళ్లో ఉన్న ముసలావిడ మనసు విప్పడానికి మనవాళ్ల దగ్గరికే వస్తుంది, వేరే భాష రాదు కాబట్టి. ఆవిడ కష్టం బయట పొక్కేది కూడా ఆ మనవాళ్ల మధ్యే. కన్నడం వాళ్లకు తెలిస్తే ఏముంది, తమిళం వాళ్లకు తెలిస్తే ఏముంది? రేపు పొద్దున పూల కొట్టు దగ్గర ఎదురయ్యేది మనవాళ్లే. కాబట్టి తెలుగువాళ్లు నడిపే చోట గోప్యత ఇంకా ఎక్కువ ఉండాలి గానీ తక్కువ కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు తీర్పు చెప్పారు కదా, ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి ఈ కర్ణాటక హైకోర్టులోనే పనిచేసి రిటైరైన పెద్దాయన. అదే మాట మీటింగులో చెప్పాను. ఒకరిద్దరు తలూపారు. ప్రొజెక్టరు మాత్రం నేను లేచి వెళ్లి వైరు లాగేదాకా వెలుగుతూనే ఉంది.

ఆ రోజు ఒక్కటే సాధించాను. షీటుకు తాళం వేస్తామన్నారు, వద్దన్నాను. ‘సమస్య’ కాలమే ఉండకూడదన్నాను. టైము ఇవ్వడానికి పేరు, ఫోను నంబరు, గంట చాలు. లేని కాలమ్ ఎక్కడికీ పొక్కదు.

తర్వాతి శనివారం వాళ్ల కంప్యూటర్ చూసే అబ్బాయి పక్కన కూర్చుని శుభ్రం చేయడం మొదలుపెట్టాం. అత్తయ్య వివరాలు ఒక్క చోట ఉన్నాయనుకున్నారు. ఏడు చోట్ల దొరికాయి.

‘గూగుల్ షీటులో ఆ కాలమ్ హైడ్ చేశామండీ’ అన్నాడు, అంటే కనబడకుండా దాచారన్నమాట. హైడ్ చేస్తే పోదు. లింకున్న ఎవరైనా కాపీ చేసుకుని అన్‌హైడ్ అంటే కనబడుతుంది. షీటులో వరుస డిలీట్ చేసినా వెర్షన్ హిస్టరీలో పాత రూపం అలాగే ఉంటుంది. దానికి మందు ఒకటే: కాలమ్ తీసేశాక షీటుకు కొత్త కాపీ చేసుకోవాలి, కాపీకి పాత హిస్టరీ రాదు. అసలుదాన్ని డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. లేకపోతే ముప్పై రోజులు ట్రాష్‌లోనే ఉంటుంది. షేరింగులో ‘లింకున్న ఎవరైనా’ అని ఉంది, దాన్ని రిస్ట్రిక్టెడ్‌కి మార్చి ముగ్గురి మెయిల్ ఐడీలే ఉంచాం. ఇక చాలామందికి తెలియనిది: గూగుల్ ఫారంలో నింపినవి షీటులోనూ ఉంటాయి, ఫారం లోపల రెస్పాన్సెస్‌లో వేరేగానూ ఉంటాయి. షీటులో తీసేస్తే ఫారంలోది కదలదు. విడిగా వెళ్లి తీయాలి.

కాగితం ఫారానికి ఆధార్ జిరాక్సు పిన్ను చేసి ఉంది. బీపీ చూడటానికి ఆధార్ ఎందుకని అడిగితే ‘మొదట్నుంచీ తీసుకుంటున్నాం’ అన్నారు. ప్రైవేటు సంస్థలు ఆధార్ కోసం పట్టుబట్టే వీలును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు తీర్పులోనే కొట్టేసింది. జిరాక్సు వెనక్కి తీసుకున్నాను. ఎక్కడైనా గుర్తింపు కార్డు ఇవ్వక తప్పకపోతే ఆఖరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

దాతలకు పంపిన రిపోర్టు ఒకటి బయటపడింది. ‘పేరు మార్చాం కదండీ’ అన్నారు. పేరు మార్చి, 71 ఏళ్లని, తెనాలని, భర్త ఏ శాఖలో చేశారో, మా అపార్ట్‌మెంట్ ఎక్కడో అన్నీ రాశారు. ఆ నాలుగూ కలిస్తే బెంగళూరు మొత్తంలో ఒక్క మనిషే తేలుతుంది. వయసు ‘70 దాటిన’ అని, ఊరు ‘కోస్తా జిల్లాల నుంచి’ అని మార్చి, మిగతా రెండూ కొట్టించాను. రాసిన వివరాలకు కనీసం ఓ పదిమంది సరిపోకపోతే పేరు మార్చడం దండగ.

వాట్సాప్ దగ్గర మాత్రం నేను పూర్తిగా గెలవలేదు. గ్రూపులో 46 మంది. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ రెండు రోజుల పైచిలుకు దాటాక కుదరదు, కుదిరినా ఫోనులో దించుకున్న ఫైలు పోతుందని నమ్మలేం. ప్రతి ఒక్కరూ చాట్‌లో తీసేయాలి, ఫోను ఫైల్స్‌లో వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డరులో తీసేయాలి, బిన్ ఖాళీ చేయాలి, ఆ తర్వాత కొత్తగా బ్యాకప్ తీయాలి. లేకపోతే పాత బ్యాకప్‌తో మళ్లీ తిరిగొస్తుంది. ఈ నాలుగు పనులూ తెలుగులో రాసి పంపించాం. 39 మంది చేశామని రాసిచ్చారు. ఏడుగురు ఉలకలేదు, పలకలేదు. సంస్థ మొదట ‘పూర్తిగా తొలగించితిమి’ అని ఉత్తరం ఇవ్వబోయింది, వెనక్కి పంపాను. నిన్న వచ్చినదాంట్లో రెండో వాక్యం అదే: ఏడుగురి నుంచి జవాబు రావాల్సి ఉంది.

రెండు సంగతుల్లో పట్టుబట్టకండి. చందా రసీదు ఆడిట్ కోసం ఉంచుతామంటారు, అది న్యాయమే. అలాగే ఫోను నంబరు పూర్తిగా చెరిపేస్తే పాత జాబితా ఏదో మళ్లీ ఎక్కించినప్పుడు ఫోన్లు మొదలవుతాయి. ‘ఈ నంబరుకు చేయకూడదు’ అన్న చిన్న జాబితాలో ఉంచమని అడగడం మేలు.

ఇంత జరిగాక అత్తయ్య అక్కడికి వెళ్లడం మానేస్తారనుకున్నాను. వేరే దారి కూడా చూసి పెట్టాను, ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఆవిడ వద్దన్నారు. ఆ కౌన్సెలర్ అమ్మాయే కావాలన్నారు.

కేంద్రం వాళ్ల కొత్త ఫారం నేనే రాసిచ్చాను. ఒకే పేజీ, తెలుగులో. పేరు, ఫోను, మందులు. కింద మూడు ప్రశ్నలు, మూడింటికీ విడివిడిగా అవును, కాదు గడులు: వాట్సాప్‌లో కబుర్లు పంపొచ్చా, రిపోర్టుల్లో మీ గురించి రాయొచ్చా, ఇంట్లోవాళ్లకు చెప్పొచ్చా. మొన్న రాత్రి అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని మూడోదాని దగ్గర ఆగారు.

‘ఇక్కడ కాదని పెడితే నీకు కూడా చెప్పరా?’

‘చెప్పరు అత్తయ్యా. ప్రాణం మీదికొస్తే తప్ప.’

కాసేపు కలం పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఏదో గడిలో టిక్కు పెట్టి, కాగితం మడిచి కవరులో వేసి, అన్నం మెతుకుతో అంటించి, రేపు ఆఫీసుకెళ్తూ అక్కడ ఇచ్చేయమని నా చేతికిచ్చారు. ఇచ్చేశాను.