గోల్కొండ నుంచి చార్మినార్ దాకా: కార్వాన్ దారిలో నీడ ఇంకా లొంగలేదు

ఈసారీ కుదరలేదు! గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర మొదలుపెట్టి లంగర్‌హౌజ్, టప్పాచబుత్ర, కార్వాన్, పురానాపూల్, హుస్సేనీ ఆలం మీదుగా చార్మినార్ చేరే నడకలో ఒక్క ముక్క నాకు కొరుకుడు పడటం లేదు. లంగర్‌హౌజ్ దాటాక పురానాపూల్ వచ్చేదాకా, నాలుగు కిలోమీటర్లకు దగ్గరగా, నెత్తి మీద నీడ లేకుండా నడవాల్సి వస్తోంది. మిగతా దారంతా హాయిగా సాగింది.

ఖర్చు ఒక్కొక్కరికి 85 రూపాయలు. నాకూ మా చెల్లెలికీ సిటీ బస్సులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. చార్మినార్ ప్రవేశానికి 25, ఇరానీ చాయ్ రెండు సార్లు తాగినందుకు 40, ఉప్పూకారం చల్లిన కీరా ముక్కలకు 20. మధ్యాహ్నానికి ఇంటి పులిహోర. వందలోపు రోజు గడవాలన్న నియమం నిలబడింది.

మ్యాపు యాప్ ప్రతిసారీ మెహదీపట్నం మీదుగా వెళ్లమంటుంది. ఆ సలహా నేను వినను. చార్మినార్ కట్టింది 1591లో. ఇబ్రహీం కుతుబ్ షా పురానాపూల్ కట్టించింది 1578లో. అంటే హైదరాబాద్ కన్నా ఈ వంతెన వయసులో పెద్దది. కోటకూ కొత్త నగరానికీ మధ్య రాకపోకలన్నీ సాగింది ఈ దారినే. వజ్రాల వ్యాపారులు బస చేసింది కార్వాన్‌లో. ఫ్రాన్సు నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను ప్యారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనతో పోల్చాడు. ఇంత చరిత్ర ఉన్న దారిని వదిలి నాలుగు వరుసల రోడ్డు పక్కన నడవడానికి నాకు మనసు ఒప్పదు.

ఇక నీడ సంగతి. ఉదయం 8 గంటలకు ఫతే దర్వాజా దగ్గర బయలుదేరాం. 8:25కి లంగర్‌హౌజ్. అక్కడి నుంచి చెల్లెలు టేపు పట్టుకుంది, నేను రాసుకున్నాను. కొలిచినవన్నీ సుమారు ఆరున్నర మీటర్ల ఎత్తుండే రెండంతస్తుల మేడల నీడలే. మొదట ఎడమ వైపు, అంటే ఉత్తరం వైపు మేడల కింద ఒకటిన్నర మీటరు నీడ దొరికింది. 9 గంటలకు అది అర మీటరుకు పడిపోయింది. 9:20కి టప్పాచబుత్ర దగ్గర రెండు వైపులా సున్నా. సూర్యుడు రోడ్డు చివర సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు, కళ్లు తెరవలేకపోయాం. “అక్కా, ఇప్పుడు ఎటు నడిచినా ఒకటే,” అంది చెల్లెలు, టేపు చుట్టేస్తూ. కార్వాన్‌లోని తోలి మసీదు దగ్గర కాసేపు ఆగి లేచేసరికి 10:20. అప్పటికి నీడ కుడి పక్కకు మారింది కానీ 80 సెంటీమీటర్లే.

కారణం ఇంటికొచ్చాక తేలింది. మ్యాపులో గోల్కొండ నుంచి చార్మినార్‌కు గీత గీస్తే 8 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, తూర్పు నుంచి దాదాపు 17 డిగ్రీలు దక్షిణానికి ఒరుగుతుంది. మార్చి 20, 21 తేదీల్లో, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తు నాడు, సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి నెమ్మదిగా దక్షిణం వైపు జరుగుతూ పైకి లేస్తాడు. హైదరాబాద్‌లో ఆ 17 డిగ్రీలు జరిగేసరికి దాదాపు 9:20 అవుతుంది. అంటే మేము ఆ దారిలో ఉన్న గంట, సూర్యుడు ఆ దారికి సూటిగా వచ్చే గంట ఒకటే.

మేడ మీద మీటరు కర్ర నిలబెట్టి కూడా చూశాను. విషువత్తు రోజుల్లో ఆ కర్ర నీడ కొస పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తూర్పు-పడమరల సరళరేఖ మీదే కదులుతుంది. కర్ర మొదలు నుంచి ఆ రేఖ 31 సెంటీమీటర్లు ఉత్తరంగా ఉంటుంది. మన అక్షాంశం 17.4 డిగ్రీలు కాబట్టి ఆ అంకె వస్తుంది. దీన్ని బట్టి నిక్కచ్చిగా తూర్పు-పడమరల వీధిలో దక్షిణం వైపు మేడ నీడ వెడల్పు రోజంతా మారదు: మేడ ఎత్తులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ. మనిషి ఎత్తు ప్రహరీ, 1.8 మీటర్లది, 56 సెంటీమీటర్ల నీడ ఇస్తుంది. అందులో భుజాలు కూడా పట్టవు. కార్వాన్ దారి ఆగ్నేయానికి ఒరిగి ఉండటం వల్ల పొద్దున ఆ కొంచెం కూడా తరుగుతుంది, మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది.

రెండో అనుమానం అరుగుల మీద. దుకాణం మెట్లు ఒక మీటరు ముందుకు వస్తాయి, వాటి ముందు బండ్లు నిలుపుతారు. లెక్కలో ఒకటిన్నర మీటరు నీడ ఉన్నా అది మెట్లకూ స్కూటర్లకూ సరిపోతుంది, నడిచేవాళ్లకు మిగలదు. కాబట్టి నాకు కావలసింది కనీసం మూడు మీటర్లు. పురానాపూల్ మీద మేడలే లేవు. అక్కడ కూరగాయలు అమ్మేవాళ్లు కట్టుకున్న టార్పాలిన్ పట్టాల నీడే దిక్కు.

తోలి మసీదు గురించి ఒక మాట. 1671లో మూసాఖాన్ కట్టించిన ఈ మసీదు గచ్చుపని చార్మినార్ దగ్గర కూడా అంత సన్నగా ఉండదని నా అభిప్రాయం. చార్మినార్ ఎక్కి దిగి వెళ్లిపోయేవాళ్లు దీన్ని చూడకపోవడం బాధగా ఉంటుంది.

పురానాపూల్ దర్వాజా నుంచి హుస్సేనీ ఆలం, మహబూబ్ చౌక్ గడియార స్తంభం, లాడ్ బజార్ మీదుగా చార్మినార్: ఇబ్బందే లేదు. చార్మినార్ దాటాక గుల్జార్ హౌజ్ నుంచి మదీనా వైపు దారి ఉత్తర-దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి పొద్దున తూర్పు వైపు మేడల పక్కన నడిస్తే చాలు. పత్తర్‌గట్టి రాతి వరండాలైతే నడినెత్తి ఎండలో కూడా కాపాడతాయి. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని తిరిగి కట్టినప్పుడు వేసిన ఆ వరండాలు నడిచేవాళ్లకు ఈ ఊరు ఇచ్చిన గొప్ప కానుక. కొత్త రోడ్లు వేసేవాళ్లు ముందు వాటిని చూసి రావాలి.

సామాను: పారగాన్ చెప్పులే నా ఓటు. పాత నగరంలో తడి, మట్టి, మసీదు గుమ్మాలు అన్నీ తగులుతాయి, లేసులు విప్పి కట్టే బూట్లు ఇక్కడ భారం. క్వెచువా పది లీటర్ల వీపు సంచి దాని ధరకు సాటిలేనిది. గొడుగు మాత్రం వద్దంటాను. లాడ్ బజార్‌లో దాని ఊచలు పక్కవాళ్ల కళ్లకు తగులుతాయి. తడిపి పిండిన నూలు కండువా తల మీద వేసుకోవడమే మేలు.

ముందున్న దారులు రెండు. ఒకటి, సూర్యోదయం కాగానే 6:30కి బయలుదేరడం. 7:20 ప్రాంతంలో ఎడమ వైపు మేడ ఎత్తులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీడ పడుతుంది, అంటే ఐదు మీటర్ల పైనే. 8:15కి వంతెన చేరిపోవచ్చు. కానీ లాడ్ బజార్ తలుపులు తీసేదాకా ఆ తరువాత గంటలకొద్దీ కాచుకోవాలి. చాయ్‌ల ఖర్చు పెరుగుతుంది.

రెండోది నాకు నచ్చింది. పొద్దున గోల్కొండ కోట చూసి (ఇంకో 25 రూపాయల టికెట్టు), పులిహోర అక్కడే తిని, 3:30కి ఫతే దర్వాజా నుంచి కదలడం. అప్పటికి సూర్యుడు వెనక ఉంటాడు, కుడి పక్క నీడ నాలుగు మీటర్లకు చేరుతుంది, 4:20కల్లా ఐదు దాటుతుంది. ఆ వేళ గాలి బాగా వేడిగా ఉంటుందన్నది ఒక్కటే బెంగ. అయినా వేడి గాలిని నీడలో భరించగలను, ఎదురెండను భరించలేను. చార్మినార్ పైకి ఎక్కడం ఆ రోజుకు మానేస్తే మొత్తం 85 దాటదు.

ఆలస్యం చేయడానికి లేదు. మే 9 ప్రాంతంలో సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తిన వస్తాడు, అప్పటిదాకా మధ్యాహ్నపు నీడ రోజురోజుకూ కుంచించుకుపోతూనే ఉంటుంది. వచ్చే ఆదివారమే వెళ్తున్నాం. కుడి వైపు దుకాణాల మెట్ల వెడల్పు కూడా ఈసారి విడిగా రాసుకోవాలి, టేపు మూడు మీటర్లది చాలడం లేదు, ఐదు మీటర్లది కొనాలి.