టీకా కార్డులో లేని హెపటైటిస్-ఎ

"హెపటైటిస్ టీకా వేయించేశాం" అని చాలామంది తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. వాళ్లు వేయించింది హెపటైటిస్-బి. పుట్టగానే ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌లో (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) కలిపి వేసేది అదే. నీళ్లలో, తిండిలో వచ్చే హెపటైటిస్-ఎ (లివర్‌కి సోకి కామెర్లు తెచ్చే వైరస్ జబ్బు) టీకా ప్రభుత్వ కార్యక్రమంలో లేదు. సచివాలయం ఏఎన్ఎమ్‌ని అడిగి లాభం లేదు, డబ్బు పెట్టి పిల్లల డాక్టరు దగ్గర వేయించాల్సిందే.

ఒకప్పుడు ఈ టీకా మనకు పెద్దగా అక్కర్లేకపోయింది. దాదాపు పిల్లలందరికీ పదేళ్లలోపే వైరస్ సోకిపోయేది. ఆరేళ్లలోపు సోకితే పదిమందిలో ఏడుగురికి లక్షణాలే ఉండవు, పైగా జన్మంతా రక్షణ. అదే పెద్దయ్యాక సోకితే ఎక్కువమందికి కళ్లు పచ్చబడతాయి, వారాల తరబడి మంచాన పడతారు, కొద్దిమందికి లివరే దెబ్బతింటుంది. విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ఆర్వో నీళ్లు తాగి పెరిగిన పిల్లాడు ఏ రక్షణా లేకుండానే ఇంజనీరింగ్ హాస్టల్ మెస్‌కి చేరతాడు. నీళ్లు బాగుపడ్డ కొద్దీ జబ్బు వయసు పెరగడమంటే ఇదే.

బీచ్ రోడ్డులో ముంత మసాలా కలిపే చేతిని ఒకసారి గమనించండి. మరమరాల సంగతి వదిలేయండి, అసలు చిక్కు పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీరలతోనే. కామెర్లు బయటపడటానికి ముందు ఒకటి రెండు వారాలే మలంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. అప్పటికి ఆ మనిషికి తనకు జబ్బుందనే తెలియదు. శానిటైజర్ దీనిమీద అంతగా పనిచేయదు, సబ్బుతో కడగాల్సిందే. ఐసులో పెట్టినా వైరస్ చావదు. నీళ్లు తెర్లేదాకా కాచి ఒక నిమిషం ఉంచితే చస్తుంది.

కుళాయి గొట్టం మురుగు కాలువ పక్కనుంచే పోతే ఇంకో తంటా. సప్లై ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగులులోంచి మురుగు లోపలికి చేరుతుంది. అందుకే నీళ్లు రాగానే మొదటి బిందెలు తాగడానికి పట్టుకోవద్దు. సోకాక 15 నుంచి 50 రోజులకు గానీ జబ్బు బయటపడదు కాబట్టి ఎక్కడ అంటుకుందో ఎవరికీ గుర్తుండదు.

టీకాలు రెండు రకాలు, రెండూ ఏడాది నిండాకే. చంపిన వైరస్‌తో చేసినది కండలోకి రెండు డోసులు, మధ్య కనీసం ఆరు నెలలు. బలహీనపరిచిన వైరస్‌ది చర్మం కింద ఒక్కటే. రెండో డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, మిగిలినది వేసేస్తే చాలు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. చంపిన వైరస్ టీకా గడ్డకడితే పారేయడమే. పెద్దవాళ్లు ముందు ఐజీజీ పరీక్ష (ఒంట్లో ఇప్పటికే రక్షణ ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష) చేయించుకుంటే మేలు, చాలామందికి టీకా ఖర్చు మిగులుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే, రక్షణ లేని మిగతావాళ్లు రెండు వారాల్లోపు టీకా వేయించుకున్నా పనిచేస్తుంది.

ఇజ్రాయెల్ 1999లో పసిపిల్లలందరికీ దీన్ని మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే కేసులు 95 శాతానికి పైగా పడిపోయాయి, టీకా వేయని పెద్దల్లో కూడా. వైరస్‌ని ఇల్లిల్లూ తిప్పేది లక్షణాలు లేని పసివాళ్లే మరి.

ఇక పసరు మందు. ఈ కామెర్లు ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకి దక్కుతుంది. మత్తుగా పడుకుంటున్నా, మాట తడబడుతున్నా, చిగుళ్లనుంచి రక్తం వస్తున్నా ఆరోజే కేజీహెచ్‌కో (విశాఖ ప్రభుత్వాసుపత్రి), దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.