పది అడుగులనుకుంటే పద్నాలుగు

నాలుగు రోజులు ఒక షూటింగ్‌లో పనిచేసి వచ్చా. హీరో ఎలా ఉన్నాడని అందరూ ఒకటే అడగడం. ఏమో, దూరం నుంచి గొడుగు కింద చూశానంతే! నాకు గుర్తుండిపోయింది మాత్రం ఫోకస్ పుల్లర్, అంటే నటుడు కదిలినా బొమ్మ మసకబారకుండా ఫోకస్ తిప్పుతూ ఉండే మనిషి.

నటుడు నడుస్తుంటే అందరం మొహం చూస్తాం కదా, ఈయన కాళ్లు చూస్తాడు. నేల మీద అతికించిన టేపు ముక్కల దగ్గరికి కాలు రాగానే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. కెమెరా ఒంటి మీద సున్నాకి అడ్డగీత గీసినట్టు చిన్న గుర్తు చూపించాడు. లోపల బొమ్మ పడే సెన్సర్ ఉండేది అక్కడట. దూరం కొలవాల్సింది లెన్స్ నుంచి కాదు, ఆ గీత నుంచి. "ఆ తలుపు ఎంత దూరం ఉంటుంది, చెప్పండి" అన్నాడు. 10 అడుగులన్నా. టేపు లాగితే 14. "ఇంటికెళ్లినా గోడలు కొలుస్తూనే ఉంటానండీ, మా ఆవిడ తిడుతుంది" అని నవ్వాడు.

కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ బట్టలూ వస్తువులూ మారిపోకుండా చూసే అక్క ఇంకో రకం. ఎవరి చొక్కా చెయ్యి ఎన్ని మడతలుందో పుస్తకం చూడకుండానే చెప్పేస్తుంది.

ఇక సౌండ్ రికార్డిస్టు. సీన్ అయిపోయాక "30 సెకన్లు ఎవరూ కదలొద్దు" అన్నాడు. ఖాళీ గది చప్పుడు కావాలట, ఎడిటింగ్‌లో మాటల మధ్య సందులు పూడ్చడానికి. దాన్ని రూమ్ టోన్ అంటారు. యూనిట్ మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడింది. సరిగ్గా అప్పుడే నా కడుపు గుర్రుమంది. ఆయన హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే తల తిప్పి, అంతమందిలో సూటిగా నన్నే చూశాడు.

మళ్లీ మొదట్నుంచి 30 సెకన్లు.

నిన్న మా సోఫా నుంచి టీవీకి దూరం ఊహించి కొలిచా. ఇంకా రెండడుగులు తేడా వస్తోంది.