ఏ డొమైన్‌లోకి పోవాలి మామా?

"బ్యాంకింగా, హెల్త్‌కేరా మామా? శుక్రవారం లోపల చెప్పాలంట."

మొన్న సెలవుకు వచ్చినప్పుడు అనంతపురంలో అక్క ఇంట్లో ఉగ్గాని తింటుంటే మా అల్లుడు అడిగిన మాట ఇది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర. ఉన్న ప్రాజెక్టు అయిపోయింది, మేనేజరు రెండు డొమైన్లు, అంటే సాఫ్ట్‌వేర్ రాసిచ్చే వ్యాపార రంగాలు, చూపించాడు. వాడి టెన్షనంతా జీతం గురించి, జావాలో పని దొరుకుతుందా పైథాన్‌లో దొరుకుతుందా అన్నదాని గురించి. ఆ కంపెనీ వ్యాపారం ఏమిటి, అది ఎవరి అవసరం తీరుస్తుంది అని ఒక్కసారి కూడా అడగలేదు.

వాడిని తప్పుపట్టలేను. 2004లో ఇదే ఊళ్ళో ఇంజనీరింగ్ ముగించినప్పుడు డొమైన్ అనే మాటే నాకు తెలీదు. బెంగళూరులో చేరిన కంపెనీ నన్ను ఒక అమెరికా రీటైల్ షాపుల ప్రాజెక్టులో వేసింది, వెళ్ళాను. నవంబరులో థాంక్స్‌గివింగ్ వస్తే కోడ్ ముట్టుకోకూడదని ఫ్రీజ్ పెట్టేవాళ్ళు, ఆ నాలుగు రోజులూ నిద్ర ఉండేది కాదు. అంతకుమించి ఆ వ్యాపారం గురించి నేను నేర్చుకున్నది తక్కువ. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

2008 మొదట్లో హెచ్-1బీ వీసా మీద న్యూజెర్సీలో దిగాను. కన్సల్టెన్సీ వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో ఐదుగురం. నా పక్క పరుపు మీద పడుకునే కడప అబ్బాయి మాన్‌హాటన్‌లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఉండేవాడు. మా అందరికంటే రేటు ఎక్కువ. సెప్టెంబర్ 15న లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. వాడి బ్యాంకు అది కాదు, అయినా మూడు వారాల్లో వాడి ప్రాజెక్టు పోయింది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పట్లో లేదు, ఆ నిబంధన 2017లో వచ్చింది. ఒక సూట్‌కేసు సర్దుకుని, రైస్ కుక్కర్ నాకిచ్చి ఇంటికి పోయాడు. పనితనంలో నాకంటే ఎన్నో మెట్లు పైన ఉండేవాడు. పండగ అమ్మకాలు అయిపోగానే జనవరిలో నా రీటైల్ ప్రాజెక్టూ ముగిసింది. నేను బతికి బయటపడింది హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఆరోగ్య బీమా సంస్థకు క్లెయిముల సిస్టమ్ మీద మనుషులు కావలసి రావడం వల్ల. కనెక్టికట్ రాష్ట్రంలోని ఆ ఊరిని అమెరికాలో బీమా రాజధాని అంటారు. మాంద్యంలో కూడా అక్కడ పని ఆగలేదు. ఎందుకో తర్వాత తెలిసింది: జనం చొక్కాలు కొనడం వాయిదా వేస్తారుగానీ కాన్పు వాయిదా వెయ్యలేరు.

మొదటి వారం క్లాసులో ప్రీమియం, డిడక్టిబుల్, కవరేజి, క్లెయిమ్ అని చెబుతుంటే నా పక్కనున్నవాళ్ళకు అయోమయంగా ఉండేది. నాకు మాత్రం కళ్యాణదుర్గం దగ్గర మా చేను గుర్తొచ్చింది. నాయన పంట అప్పుకు పోతే బ్యాంకులో బీమా డబ్బు ముందే పట్టుకునేవాళ్ళు. వాన రాక శెనక్కాయ చేను ఎండితే ఆయన ఒక్కడి నష్టం లెక్కకు రాదు, బీమాకు తీసుకున్న ప్రాంతం మొత్తం మీద దిగుబడి పడిపోతేనే డబ్బు. "ఇన్సూరెన్స్ పడిందా?" అని ఊళ్ళో ఒకరినొకరు ఏడాది పొడుగునా అడగడం నేను విన్నాను. డబ్బు కట్టినవాడికి నియమం అర్థం కాకపోవడం, అది ఎవరి చేతిలో ఉందో తెలియకపోవడం, ఎదురుచూడడం. ఆ ఎదురుచూపు తెలిసినవాడిగా నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నాకు వచ్చిన కోడ్ కంటే ఇదే ఎక్కువ పనికొచ్చిందని ఇప్పటికీ నమ్ముతాను.

ఒక రాత్రి సంగతి అల్లుడికి వివరంగా చెప్పాను. 2011 చలికాలం, రాత్రి సిస్టమ్‌లో తేడా వస్తే చూసే ఆన్‌కాల్ డ్యూటీ నాది. ఆసుపత్రులు పంపే క్లెయిములు 837 అనే ఫైలులో వస్తాయి. డబ్బు ఎంత ఇచ్చామో, ఎందుకు ఇవ్వలేదో చెప్పే జవాబు 835లో పోతుంది. ఎవరెవరు పాలసీలో ఉన్నారో చెప్పేది 834. దేశమంతా ఇదే నమూనా, చట్టం ప్రకారం. ఆ రాత్రి డినై అయిన క్లెయిములు మామూలు కంటే నలభై ఎక్కువ కనిపించాయి. అన్నిటికీ కారణం ఒకటే: మెంబర్ దొరకలేదు. 834 ఫైలు ఆలస్యమైందేమోనని గంటన్నర వెతికాను. అది సరిగ్గానే వచ్చింది. క్లెయిముల విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన ఒకావిడను ఫోన్లో లేపాను. నేను వరస చదువుతుంటే మూడోది దాటకముందే ఆపి, "పుట్టిన తేదీలు చూడు" అంది. చూశాను. అన్నీ గడిచిన రెండు వారాలవే. ఒక వరసలో బిల్లు 1,86,000 డాలర్లు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఐసీయూ ఖర్చు.

బిడ్డ పుట్టాక ఉద్యోగి పాలసీలో చేర్పించడానికి తల్లిదండ్రులకు చట్టం కనీసం 30 రోజులు ఇస్తుంది. అంతదాకా ఆ క్లెయిమును పక్కన ఆపాలేగానీ కాదనకూడదు. రెండు రోజుల ముందు మా టీమ్ పెట్టిన మార్పులో, బిడ్డ పుట్టిన తేదీ చూడాల్సిన చోట పాలసీ మొదలైన తేదీ చూస్తోంది. టెస్టింగ్‌లో అన్నీ పాసయ్యాయి, ఎందుకంటే మా టెస్ట్ డేటాలో పసిబిడ్డలే లేరు. తెల్లవారి ఐదింటికి ఉత్తరాలు ప్రింటుకు పోతాయి. నాలుగూ నలభైకి ఆ జాబ్‌ను ఆపించాం. ఐసీయూ అద్దం బయట నిలబడిన ఏ తల్లికో ఆ వారం "మీ క్లెయిము చెల్లదు" అనే కాగితం పోకుండా ఆగింది. ఆ తల్లి ఎవరో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. కానీ ఆరోజు నుంచి నేను జావా డెవలపర్‌ని అని చెప్పుకోవడం మానేశాను. క్లెయిముల మనిషిని అని చెబుతాను.

"మరి టెక్నాలజీ మారిపోతే?" అన్నాడు వాడు. మారింది. మెయిన్‌ఫ్రేమ్ కోబాల్ నుంచి జావాకు, అక్కణ్ణుంచి క్లౌడ్‌కు రెండుసార్లు నేనే మారాను. క్లెయిమ్ మారలేదు. జబ్బుల కోడ్లు ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారిన కాలం మాకు పండగలాంటిది. సుమారు 14 వేల కోడ్లు సుమారు 69 వేలయ్యాయి. విరిగింది కుడి చెయ్యా ఎడమ చెయ్యా, రోగి చికిత్స కోసం వచ్చాడా, మానుతున్న గాయం చూపించుకోవడానికి వచ్చాడా, అన్నీ కోడ్‌లోనే ఉంటాయి. 2013 అక్టోబరులో రావాల్సింది 2014కు, అక్కడి నుంచి 2015 అక్టోబర్ 1కి జరిగింది. అన్నేళ్ళూ పని ఉంది. ఇండస్ట్రీని ఎంచుకునేటప్పుడు చూడాల్సిన వాటిలో ఇదొకటి: అక్కడ పని మార్కెట్ ఉత్సాహం వల్ల పుడుతోందా, చట్టం వల్ల పుడుతోందా?

బ్యాంకింగ్‌లో కూడా చట్టం వల్ల పుట్టే పని చాలా ఉంది, అది దాచలేదు వాడి దగ్గర. 2024 మే 28న అమెరికాలో షేర్ల సెటిల్‌మెంట్, అంటే కొన్నవాడికి షేరు, అమ్మినవాడికి డబ్బు చేరడం, రెండు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గింది. దాని వెనక నా స్నేహితులు ఏడాదిన్నర కష్టపడ్డారు. దేశాల మధ్య చెల్లింపుల సందేశాలు ఐఎస్ఓ 20022 అనే నమూనాకు మారాయి. డబ్బు లెక్క ఎటు నుంచి ఎటు పోతోందో పట్టుకోవడంలో ఆనందం ఉన్నవాడికి బ్యాంకింగ్ మంచి చోటు. కార్ల మీద ప్రేమ ఉంటే అదీ ఒక దారే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం 2019లో మొదలైనాక మా వైపు పిల్లలు కారు లోపలి సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకోవడం వింటున్నాను, సంతోషంగా ఉంది.

ఒక కష్టం మాత్రం గట్టిగా చెప్పాను. ఆరేడేళ్ళు దాటాక డొమైన్ మారడం సులభం కాదు. 2016లో నేను ఒక బ్యాంకు ఇంటర్వ్యూకు పోయాను. కోడింగ్ బాగానే చేశాను. ఒక ట్రేడ్ ఫెయిలైతే, అంటే అమ్మిన షేర్లు గడువుకు చేరకపోతే, ఏం జరుగుతుంది అని అడిగారు, చెప్పలేకపోయాను. ఇస్తామన్న రేటు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడికి ఇచ్చేది. ఇంటి లోను, గ్రీన్‌కార్డు వరస, పిల్లల బడి చూసుకుని వెనక్కి వచ్చేశాను. ఎంపిక చేసుకునే వయసు ఏడాదిన్నర అనుభవం ఉన్న వాడిదే. నేను ఎంపిక చేసుకోలేదు, నాకు అది తగిలింది. తగిలింది మంచిదైంది.

"ఏఐ వచ్చి కోడ్ అంతా అదే రాస్తాంది గదా మామా, ఇంక ఏదైతే ఏం?" అన్నాడు చివరికి. ఆ రాత్రి "పుట్టిన తేదీలు చూడు" అన్నావిడను తలుచుకోమన్నాను.

అప్పటిదాకా వంటింట్లోంచి వింటున్న అక్క లోపలికి పోయి బీరువాలోంచి ఒక నీలం ఫైలు తెచ్చి వాడి ముందు పెట్టింది. వాళ్ళ తాతది, అంటే అక్క మామగారిది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. తెల్ల కార్డు మీద ఆ మరుసటి ఏడు హైదరాబాదులో ఆయనకు బైపాస్ చేశారు. ఆపరేషన్‌కు ముందు అనుమతి రావాలని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర చెబితే, బావ రెండు రోజులు వరండాలోనే పడుకున్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ పెద్దాయన చేను చూసుకున్నాడు.

"రెండు దినాలు ఆ అనుమతి యాడ ఆగిండాదో మాకు ఇప్పటికీ తెలీదప్పా," అంది అక్క.

వాడు చెయ్యి కడుక్కుని వచ్చి ఫైలు తెరిచాడు. డిశ్చార్జి కాగితం మడతల్లో చినిగి ఉంది. పైన తాత పేరు, కార్డు నంబరు, కింద మసకబారిన అక్షరాల్లో ఒక కోడ్. దాని మీద వేలు పెట్టి, "ఇది ప్యాకేజీ కోడా మామా? దీన్ని చూసి అనుమతి ఎవరిచ్చేది?" అన్నాడు.

ఉగ్గాని చల్లారిపోయింది. కుర్చీ దగ్గరకు లాక్కుని మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాం.