మ్యాట్ పట్టేంత చోటు: ఇంట్లో వ్యాయామం మొదలుపెట్టిన నా అనుభవం

నడక మంచిదని అందరూ చెబుతారు. నాకూ ఇష్టమే. మా చిక్కడపల్లి నుంచి ఇందిరా పార్కు దగ్గరే కాబట్టి వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. కానీ మేలో ఎండ 40 డిగ్రీలు దాటినా, వానలు పట్టుకున్నా, ఆఫీసులో నెలాఖరు లెక్కలు మీద పడినా నడక ఆగిపోతుంది. పైగా నడకతో తీరని లోటు ఒకటి ఉందని సిటీ బస్సు ఎక్కేటప్పుడు తెలిసింది. ఆ ఎత్తు మెట్టు మీద కాలు పెట్టి, రాడ్డు పట్టుకుని, చేతుల బలంతో ఒళ్లు పైకి లాక్కోవలసి వచ్చేది. 45 ఏళ్లకే ఇలా ఉంటే ముందు ముందు ఎలా అని టెన్షన్ పట్టుకుంది.

మా వీధిలోని ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూశారు. “కీళ్లలో పెద్ద ఇబ్బందేమీ కనిపించడం లేదండీ. రోజంతా కుర్చీలోనే ఉంటారు కదా, తుంటి ముందు భాగం, పిక్కలు బిగుసుకున్నాయి. తొడలకు, పిరుదులకు పని లేక బలం తగ్గింది” అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల గురించి కూడా ఆమే చెప్పారు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ ఉండాలి, దాంతోపాటు కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. చురుగ్గా నడిస్తే మొదటిది తీరుతుంది. రెండోది మా ఇంట్లో ఎవరి జీవితంలోనూ లేదు. జిమ్‌కు వెళ్లే టైమ్ నాకు లేదు. హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య మ్యాట్ పట్టేంత చోటు ఉంది. అక్కడే చేయాలని గట్టిగా అనుకున్నాను.

ఆమె చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది వరస. వామప్ వేరు, స్ట్రెచింగ్ వేరు. వామప్ అంటే కదలిక. గుండె కొంచెం వేగంగా కొట్టుకోవాలి, కండరాలకు రక్తం ఎక్కువగా అందాలి, ఒళ్లు వెచ్చబడాలి. వెచ్చబడిన కండరం సులువుగా సాగుతుంది. ఒకే భంగిమలో ఆగి కండరాన్ని సాగదీయడం స్ట్రెచింగ్. అది చివర్లో చేయాలి. బలం పెంచే వ్యాయామాలకు ముందే ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి ఉంచితే కాసేపు దాని బలం కొంత తగ్గుతుంది కూడా. స్కూల్లో డ్రిల్ పీరియడ్ మొదలవగానే వంగి కాలి వేళ్లు పట్టుకోమనేవాళ్లు, అందుకే చాలామందికి అదే వామప్ అని మనసులో ఉండిపోయింది.

నా వామప్ 6, 7 నిమిషాలు ఉంటుంది. మొదట నిలబడ్డచోటే నడక, మోకాళ్లు మెల్లగా పైకి లేపుతూ. తర్వాత భుజాలు ముందుకీ వెనక్కీ తిప్పడం, చేతులు బారచాపి ఊపడం, నడుము గుండ్రంగా తిప్పడం. గోడ పట్టుకుని ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ ఊపుతాను. మడమ లేపి చీలమండలు తిప్పుతాను. చివర్లో కుర్చీ వెనక నిలబడి సగం వరకే కూర్చుని లేస్తాను. మేముండేది రెండో అంతస్తులో, కింద ఇంట్లో చంటిపాప ఉంది. అందుకే గెంతేవి ఏవీ పెట్టుకోలేదు. వాటి బదులు ఒక్కో కాలు పక్కకు వేస్తూ చేతులు పైకెత్తితే సరిపోతోంది. మాట్లాడగలగాలి కానీ పాట పాడేంత ఊపిరి ఉండకూడదు. శ్రమ సరిపోయిందా లేదా అన్నదానికి ఇదే గుర్తు. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట చలిలో ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుంది. తొందరపడి ఈ భాగాన్ని ఎగ్గొట్టొద్దని ఎవరు అడిగినా చెబుతాను.

అసలు వ్యాయామాలు అయిదే. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు పెట్టి పుషప్, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం, చేతులూ మోకాళ్ల మీద నిలబడి ఒక పక్క చెయ్యీ రెండో పక్క కాలూ చాపడం, మడమలు లేపి మునివేళ్ల మీద నిలబడటం. ఒక్కోటి 8 నుంచి 10 సార్లు, మధ్యలో కాస్త ఆగి రెండు విడతలు. రోజు విడిచి రోజు చేస్తాను, కండరాలకు కోలుకునే సమయం కావాలి కదా. కష్టపడేటప్పుడు ఊపిరి వదలాలి, ఎప్పుడూ బిగపట్టకూడదు. బిగపడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

ఒక వ్యాయామం సులువైపోయాకే మార్చుకుంటూ వచ్చాను. గోడ దగ్గర పుషప్ తేలికైతే వంటింటి గట్టుకు మారాలి, ఆ తర్వాత మంచం అంచు, ఆ తర్వాత నేల. ఎత్తు తగ్గేకొద్దీ చేతుల మీద పడే బరువు పెరుగుతుంది. నేను ప్రస్తుతం గట్టు దగ్గరున్నాను. కుర్చీ కూడా అంతే, ముందు దిండు వేసి ఎత్తు పెంచుకున్నాను, తర్వాత తీసేశాను. కుర్చీ జరగకుండా గోడకు ఆనించి పెట్టాలి. టైల్స్ మీద సాక్సులతో జారుతుంది, వట్టి కాళ్లే మేలు. దుప్పటి పరిచినా జారుతుంది, అందుకే మందపాటి మ్యాట్ కొన్నాను.

స్ట్రెచింగ్ నాకు బాగా ఇష్టమైన భాగం. ఒక్కోటి 20 నుంచి 30 సెకన్లు, రెండేసి సార్లు. ఫోన్ చూడకుండా నిదానంగా అయిదారు ఊపిరులు లెక్కపెడతాను. పిక్కకు గోడ పట్టుకుని ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు ఆనించాలి. మోకాలు నిటారుగా ఉంచితే పై పిక్క సాగుతుంది, కొంచెం వంచితే దాని లోపలి కండరం. ఈ రెండోది చేయడం మొదలుపెట్టాకే మా మెట్లు దిగేటప్పుడు నా చీలమండ పట్టేయడం తగ్గింది. తొడ వెనక భాగానికి పడుకుని అరికాలికి చున్నీ తగిలించి కాలు పైకి లాగుతాను. తుంటి ముందు భాగానికి ఒక మోకాలు మ్యాట్ మీద పెట్టి, ఇంకో పాదం ముందుంచి, నడుము వంగకుండా ముందుకు జరగాలి. కుర్చీ ఉద్యోగాలవాళ్లకు ఇది తప్పనిసరి అంటాను. ఛాతీకి గుమ్మం చాలు, రెండు పక్కలా చేతులు ఆనించి ఒక అడుగు ముందుకు వేయడమే. కండరం లాగుతున్నట్టు తెలియాలి, నొప్పి రాకూడదు. ఊగుతూ లాగకూడదు.

మొదట్లో మర్నాడు తొడలు పట్టేసినట్టు ఉండేవి. కొత్త వ్యాయామానికి ఇది మామూలే. 1 నుంచి 3 రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. స్ట్రెచింగ్ వల్ల ఈ నొప్పి పెద్దగా తగ్గదు, దాని లాభం కీళ్లు బాగా కదలడంలో ఉంటుంది. కానీ కీలులో పొడిచినట్టు నొప్పి, వాపు, ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం మాత్రం వేరే. అలాంటివి వస్తే అక్కడే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

టైమ్ పొద్దున ఆరుకు, టిఫిన్‌కు ముందు. కుదరకపోతే వామప్, రెండు వ్యాయామాలు చేసి లేస్తాను. ఆ పూట పూర్తిగా వదిలేయడం కంటే అది నయం. వ్యాయామం లేని రోజుల్లో పార్కుకు వెళ్తాను.

నేను చేస్తుంటే మా అత్తయ్య మంచం మీద కూర్చుని చూసేవారు. “వినాయకుడి ముందు తీసే గుంజీల లాగే ఉందమ్మా, నేనూ చేస్తా” అన్నారు. ఆమెకు 68 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు. డాక్టరును అడిగాకే మొదలుపెట్టాం. ఇంట్లో పెద్దవాళ్లు కూడా మనతో కలిసి కదలడం చూస్తుంటే ఎంత సంతోషంగా ఉంటుందో! 65 దాటినవాళ్లకు వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్‌కు సంబంధించిన వ్యాయామం ఉండాలని ఆ 2020 సూచనల్లోనే ఉంది. అందుకని ఈ నెల నుంచి అత్తయ్యకు వంటింటి గట్టు పట్టుకుని ఒక్కో కాలి మీద 10 అంకెలు లెక్కపెట్టే వరకు నిలబడటం కలిపాం. చేతులు పూర్తిగా వదిలేయడం ఇప్పుడే వద్దని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు, పక్కన నేనున్నప్పుడే చేస్తారు.