డెబియన్ 13 అప్‌గ్రేడ్: పాస్‌ఫ్రేజ్ అడగడం మానేసిన టీ420

నా ల్యాప్‌టాప్ మళ్లీ పాస్‌ఫ్రేజ్ (డిస్కు తాళం తీసే రహస్య పదబంధం) అడుగుతోంది! నల్లటి తెర మీద ఆ ఒక్క వరుస కోసం ఇంతగా ఎదురుచూస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

యంత్రం 2011 నాటి థింక్‌ప్యాడ్ టీ420. శాండీ బ్రిడ్జ్ ఐ5, 8 జీబీ ర్యామ్, క్రూషియల్ ఎస్‌ఎస్‌డీ. 2015లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ 8 రాగానే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, లోపల ఎల్‌వీఎం (డిస్కు చోటును వాల్యూములుగా పంచే పద్ధతి) పెట్టి ఇన్‌స్టాల్ చేశాను. అప్పటి నుంచి ఫార్మాట్ జోలికి పోకుండా వెర్షన్ తర్వాత వెర్షన్ ఎక్కించుకుంటూ వస్తున్నాను. 11 నుంచి 12కు మారడంలో ఏ ఇబ్బందీ రాలేదు. 13 దగ్గర బండి ఆగింది.

అప్‌గ్రేడ్ నడుమ డివైస్‌లో ఖాళీ లేదన్న దోషం వచ్చి ప్యాకేజీలు సగంలో నిలిచిపోయాయి. రీబూట్ చేస్తే కెర్నెల్ పానిక్, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్ ముందుకు కదలలేక ఆగిపోయింది: రూట్ ఫైల్ సిస్టమ్ (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే చోటు) మౌంట్ కాలేదు, అన్‌నోన్ బ్లాక్ (0,0). ఇలాంటి చోట ఆ రెండు సున్నాలు కనిపిస్తే నేను డిస్కును అనుమానించను, ముందు ఇనిట్‌ఆర్‌డీ (అసలు డిస్క్ తెరుచుకునే దాకా కెర్నెల్‌కు కావలసిన డ్రైవర్లు, పనిముట్లు ఉండే ఫైల్) ఉందో లేదో చూస్తాను. లేదు. గ్రబ్ (కెర్నెల్‌ను మొదలుపెట్టే బూట్ ప్రోగ్రామ్) మెనూలో కొత్త 6.12 కెర్నెల్ ఉంది, దానికి జతగా ఉండాల్సిన ఇనిట్‌ఆర్‌డీ మాత్రం తయారే కాలేదు.

లెక్క చూడండి. కెర్నెళ్లు, ఇనిట్‌ఆర్‌డీలు ఉండే నా బూట్ పార్టిషన్ 236 ఎంబీ. ఆ కాలపు ఇన్‌స్టాలర్ తనంతట తాను ఇచ్చిన పరిమాణం అది, అప్పట్లో ధారాళంగా సరిపోయేది. అందులో గ్రబ్, చిల్లర ఫైళ్లు కలిపి 8 ఎంబీ. 6.1 కెర్నెళ్లు రెండు, ఇనిట్‌ఆర్‌డీతో సహా ఒక్కొక్కటి 70 ఎంబీ. మిగిలింది 88. కొత్త కెర్నెల్ 12 ఎంబీ తీసుకుంది, ఇక 76. కొత్త ఇనిట్‌ఆర్‌డీకి కావలసింది 96. డెబియన్ 13 విడుదల నోట్స్‌లో బూట్ పార్టిషన్ కనీసం 768 ఎంబీ ఉండాలని, అందులో దాదాపు 300 ఎంబీ ఖాళీగా ఉండాలని స్పష్టంగానే రాశారు. నా దగ్గర ఉన్నది అందులో మూడో వంతు కూడా కాదు. పక్కనే ఎన్‌క్రిప్ట్ అయిన పార్టిషన్ ఆనుకుని ఉంది కాబట్టి దీన్ని సాగదీసే వీలూ లేదు.

పాత 6.1 తో బూట్ చేస్తే పాస్‌ఫ్రేజ్ అడిగింది, డిస్క్ తెరుచుకుంది, కానీ సగం పాత, సగం కొత్త ప్యాకేజీలతో లాగిన్ దాకా రాలేదు. రికవరీ మోడ్‌దీ అదే వరస. అందుకని లైవ్ యూఎస్‌బీ పెట్టి, ఫైల్ మేనేజర్‌లో డిస్క్ మీద నొక్కి అన్‌లాక్ చేసి, సీహెచ్‌రూట్‌లోకి (లైవ్ యూఎస్‌బీ నుంచే డిస్కులోని సిస్టమ్‌లో పనిచేసే పద్ధతి) వెళ్లాను. రెండు 6.1 లలో పాతదాన్ని తీసేశాను. ఇనిట్‌ఆర్‌డీ కంప్రెషన్‌ను జెడ్‌ఎస్‌టీడీ నుంచి ఎక్స్‌జెడ్‌కు మార్చాను. ఆగిన ప్యాకేజీలన్నీ పూర్తయ్యాయి. ఇనిట్‌ఆర్‌డీ 78 ఎంబీకి దిగింది. ఈ ముసలి ప్రాసెసర్ మీద ఎక్స్‌జెడ్ నత్తనడకే, అయినా ఇరుకు పార్టిషన్‌కు దానికి మించిన మందు లేదు.

అసలు తలనొప్పి ఇక్కడే మొదలైంది. రీబూట్ చేస్తే పానిక్ లేదు, పాస్‌ఫ్రేజ్ ప్రశ్నా లేదు. చాలాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత రూట్ వాల్యూమ్ కనిపించడం లేదన్న హెచ్చరిక, చివరికి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ షెల్ (ఇనిట్‌ఆర్‌డీ లోపలి నుంచే కమాండ్లు కొట్టే తెర).

6.1 తో బూట్ చేసి దీన్ని దాటేయవచ్చని తెలుసు. ప్యాకేజీలు పూర్తయ్యాయి కాబట్టి ఈసారి అది లాగిన్ దాకా వచ్చేదే. కానీ కారణం తెలియకుండా దాటితే వచ్చే కెర్నెల్ అప్‌డేట్‌కు మళ్లీ ఇదే గోడకు కొట్టుకోవాలి. ఆ షెల్‌లోనే కూర్చున్నాను.

మొదటి అనుమానం సాటా డ్రైవర్ మీద. పార్టిషన్ల జాబితా చూస్తే ఎస్‌డీఏ1 (బూట్), ఎస్‌డీఏ5 (ఎన్‌క్రిప్ట్ అయినది) రెండూ ఉన్నాయి. డ్రైవర్ బాగానే ఉంది. రెండో అనుమానం కెర్నెల్‌లో ఎన్‌క్రిప్షన్ చూసే డీఎం-క్రిప్ట్ మాడ్యూల్. అడిగితే ఠక్కున లోడ్ అయింది. మూడోది, ఎన్‌క్రిప్టెడ్ డిస్కులను తెరిచే క్రిప్ట్‌సెటప్ ప్రోగ్రామ్ ఇనిట్‌ఆర్‌డీలోకి చేరలేదేమో అని. అదీ ఉంది. చేత్తో ఎస్‌డీఏ5 తెరవమంటే బుద్ధిగా పాస్‌ఫ్రేజ్ అడిగింది. ఎల్‌వీఎం వాల్యూములను మేల్కొలిపి, షెల్ నుంచి ఎగ్జిట్ కొట్టాను. డెస్క్‌టాప్ దాకా వచ్చేసింది! పనిముట్లన్నీ చేతిలో ఉన్నాయి, వాడమని చెప్పేవాళ్లే లేరన్నమాట.

మళ్లీ రీబూట్ చేసి, అదే షెల్‌లో ఇనిట్‌ఆర్‌డీ లోపలి క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్ (ఏ డిస్కును ఏ పేరుతో తెరవాలో చెప్పే జాబితా) తెరిచాను. ఖాళీ. ఒక్క అక్షరం లేదు. డిస్కులోని అసలు క్రిప్ట్‌ట్యాబ్‌లో మాత్రం వరుస చెక్కుచెదరలేదు. అయితే లోపలికి ఎందుకు రాలేదు? ఆప్ట్ (ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) టెర్మినల్ లాగ్‌లో, వందలాది వరుసల నడుమ, జవాబు దొరికింది: 'లక్స్' (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు) అని మొదలై పొడవాటి యూయూఐడీతో (డిస్కు గుర్తింపు సంఖ్య) ముగిసే పేరు క్రిప్ట్‌ట్యాబ్‌లో లేదని క్రిప్ట్‌సెటప్ హెచ్చరించి ఊరుకుంది.

జరిగింది ఇదీ. ఇనిట్‌ఆర్‌డీ తయారయ్యేటప్పుడు రూట్ ఏ ఎన్‌క్రిప్టెడ్ డివైస్ మీద నడుస్తోందో చూసి, అదే పేరుతో క్రిప్ట్‌ట్యాబ్‌లో వెతుకుతుంది. నా క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న పేరు ఎస్‌డీఏ5 క్రిప్ట్. లైవ్ డెస్క్‌టాప్ ఫైల్ మేనేజర్ మాత్రం తాను అన్‌లాక్ చేసే ప్రతి డిస్కుకూ 'లక్స్', యూయూఐడీ కలిపి సొంత పేరు పెడుతుంది. పేర్లు కలవలేదు, వరుస చేరలేదు. దోషంగా చూపి ఆపాల్సిన చోట హెచ్చరికతో సరిపెట్టడం నాకు ససేమిరా నచ్చలేదు. రూట్ డిస్కును తెరవలేని ఇనిట్‌ఆర్‌డీ తయారు చేసి విజయం ప్రకటించడం ఏ రకంగా సాయం? రెస్క్యూ పనికి ఫైల్ మేనేజర్ వద్దే వద్దు. క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న పేరుతోనే కమాండ్ లైన్ నుంచి తెరవండి.

షెల్ నుంచి చేత్తో సరైన పేరు పెట్టి బూట్ అయ్యాక ఇనిట్‌ఆర్‌డీని మళ్లీ తయారు చేయబోతే ఇంకో చిక్కు. కొత్త ఫైల్ పూర్తిగా రాసే వరకు పాతది చెరగదు, అంటే ఒకే కెర్నెల్‌కు రెండు ఇనిట్‌ఆర్‌డీల చోటు కావాలి. మిగిలింది 68 ఎంబీ, కావలసింది 78. అప్పుడు మాడ్యూల్స్ సెట్టింగును 'మోస్ట్' నుంచి 'డెప్'కు మార్చాను. ఈ యంత్రానికి అవసరమైన డ్రైవర్లు మాత్రమే లోపలికి వెళ్తాయి: 24 ఎంబీ. సీహెచ్‌రూట్‌లో ఉండగా 'డెప్' వాడను, అక్కడి నుంచి అది వేసే అంచనా మీద నాకు నమ్మకం లేదు. సొంత కాళ్ల మీద బూట్ అయిన సిస్టమ్‌లో అయితే నిశ్చింతగా వాడతాను. ఈసారి హెచ్చరిక రాలేదు, లోపలి క్రిప్ట్‌ట్యాబ్‌లో వరుస ఉంది, బూట్ పార్టిషన్‌లో 122 ఎంబీ ఖాళీ.

వైఫై, శబ్దం, సస్పెండ్ అన్నీ పనిచేస్తున్నాయి. 13లో టెంప్ డైరెక్టరీ ర్యామ్‌లోకి మారింది, 8 జీబీతో ఇబ్బందేమీ కనిపించలేదు.

'డెప్'తో ఒక లోటు ఉంది. ఈ ఎస్‌ఎస్‌డీని తీసి వేరే యంత్రంలో పెడితే బూట్ కాకపోవచ్చు. థింక్‌ప్యాడ్‌లో నాకు నచ్చేదే ఒక్క స్క్రూ విప్పి డిస్క్ లాగేసే సౌకర్యం, దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు. గ్రబ్‌తోనే లక్స్ తెరిపించి బూట్ పార్టిషన్‌ను పూర్తిగా తీసేయవచ్చు. 2015 నాటిది కాబట్టి నాది లక్స్1 (పాత వెర్షన్), గ్రబ్‌కు అది వచ్చు. కానీ గ్రబ్ దశలో పాస్‌ఫ్రేజ్ తప్పు కొడితే మళ్లీ ప్రయత్నించడం పెద్ద విసుగు. టీ420లో 3జీ కార్డు కోసం ఉన్న స్లాట్ ఎంసాటాను (చిన్న కార్డు రూపంలోని ఎస్‌ఎస్‌డీ) కూడా తీసుకుంటుంది. చిన్న ఎంసాటా ఒకటి వేసి 1 జీబీ బూట్ పార్టిషన్‌ను అక్కడికి తరలించి, 'మోస్ట్'కు తిరిగి వెళ్లాలని ఉంది. దానికంటే ముందు లక్స్ హెడర్ (తాళం వివరాలుండే డిస్కు తొలి భాగం) బ్యాకప్ తీసి వేరే డ్రైవ్‌లో పెట్టాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పడతాను.